కొండ ఇవాళ ఏం రంగు?

"నీళ్లేవక్కా? ఇంత పెద్ద తెర వేసి ఒక్క నీటిబొట్టు పెట్టలేదు. చెరువు లేదు, పడవ లేదు, కొబ్బరిచెట్టు లేదు. ఒక గట్టు, ఒక తంగేడు పొద, వెనకాల కొండ. దీని ముందు ఎవురు కూచుంటారు?"

"మనుషులు కూచుంటారు. నీళ్లు కావాలంటే కుండలో తాగమను."

"నవ్వులాట కాదక్కా. పొద్దంతా కల్లంలో మిరపకాయలు తిరగేసి, ఒళ్లు కడుక్కుని, పట్టుచీర కట్టుకుని నా కాడికొస్తారు. వచ్చినాక మళ్లీ ఆ కల్లమే చూపిస్తే నన్ను కొట్టరా?"

"కాయ ఒక్కటన్నా కనపడిందా నీకు? కాయలు నేను వెయ్యలా. కల్లంలో ఉండే వెలుతురు వేశా."

"వెలుతురుకి ఎవురూ డబ్బులియ్యరు."

"మరి దీపాలు పెట్టుకుని నువ్వు అమ్మేదేంది?"

నీళ్లు అడిగింది మస్తాను. నరసరావుపేటలో బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో అతనిది. నేను ఆ స్టూడియోకీ, మాచర్ల, గురజాల స్టూడియోలకూ వెనక గోడకు కట్టే తెరలు వేసేదాన్ని. మస్తాను నన్ను అక్కా అనేవాడు, నేను అతన్ని పేరు పెట్టి పిలిచేదాన్ని. నా మాటకు అతను మూలకు పోయి, అక్కడ నిలబెట్టి ఉన్న కాగితపు చుట్ట విప్పాడు. మద్రాసు నుంచి తెప్పించిన అచ్చు తెర. పెద్ద జలపాతం, తెల్లటి నురగ, పచ్చటి అడవి, గాజులాగా నిగనిగలాడే కాగితం.

"దీన్ని కట్టేస్తే అయిపోయె. మాచర్లవాళ్లు, గురజాలవాళ్లు నేనేం చేస్తానా అని చూస్తన్నారు. నేను కడితే వాళ్లూ కడతారు."

"అయితే నా గుడ్డ నాకిచ్చెయ్. రేపు పొద్దున బట్టల సోడా తెచ్చుకుని దించుకుపోతా. కాలవలో ఉతికి ఆరేసుకుంటా."

లోపలి గుమ్మంలో నిలబడి మస్తాను భార్య జాన్‌బీ ఇదంతా వింటూ ఉంది. ఆమె ఒక్క మాట అన్నది. "రేపు పొద్దున బస్సుకి విజయవాడ నుంచి కవరు వస్తది గదా. అది చూసినాక కొట్టుకోండి ఇద్దరూ."

ఆ కవరులో ఏముందో, ఆ తెర కాలవకు పోయిందో లేదో చివర్లో చెబుతాను. ముందు ఈ పని ఎటువంటిదో చెప్పాలి. మా వీధి పిల్లలు ఇద్దరు ముగ్గురు బొమ్మలు వేసే పనిలోకి వెళుతూ, ఏమన్నా చెప్పు నాయనమ్మా అని అడిగారు. నేను చదివింది ఐదో తరగతి. అందులోనూ ఆఖరి ఏడు సగమే వెళ్లాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. పని విషయంలో మాత్రం నేను చెప్పేది తప్పు కాదు.

మా మామ కళ్లు

మా మామ నాటకాల తెరలు వేసేవాడు. అడవి తెర, రాజమార్గం తెర, దర్బారు తెర. వినుకొండ దాకా ఆయన తెరలు బళ్ల మీద పోయేవి. నేను కోడలిగా వచ్చేనాటికే ఆయన కళ్లకు పొర కమ్మింది. మా ఆయనకు బోర్డులు రాయడం, లారీల మీద పేర్లు రాయడం ఇష్టం. చెట్టూ కొండా వేసే ఓపిక ఆయనకు లేదు. తెరపని ఇంట్లో నాకు మిగిలింది. ఎవరూ నాకు ఇవ్వలేదు. మిగిలింది, తీసుకున్నాను.

మొదట్లో నా పని గుడ్డ తయారు చేయడం. చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, ఉడకబెట్టి జిగురు తీయాలి. ఆ జిగురు గుడ్డకు రెండువైపులా పట్టించి ఎండలో లాగి కట్టాలి. ఆరిన తరువాత గుడ్డను వేలితో మీటితే డప్పులాగా మోగాలి. మోగకపోతే మామ విప్పించి మళ్లీ పట్టించేవాడు. నేను కడుపుతో ఉన్నప్పుడు కూడా విప్పించాడు. అప్పుడు ఏడ్చాను గానీ, తరువాత నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ల చేత నేనూ విప్పించాను.

మా ఇంటి మేడమెట్లు ఎక్కి చూస్తే కోటప్పకొండ కనపడుతుంది. మామ పొద్దున్నే మెట్ల మీద కూర్చుని నన్ను కేకేసేవాడు.

"అమ్మాయ్, కొండ ఇవాళ ఏం రంగు?"

మొదటిసారి నేను "నీలం మామా" అన్నాను.

"నీలమంటే ఏం నీలం? నేరేడుపండు నీలమా, ఉతికిన చొక్కా నీలమా, పావురాయి మెడ నీలమా? కళ్లుండి ఆ మాట చెప్పలేకపోతే నాకూ నీకూ తేడా ఏంది?"

ఆ రోజు నుంచి పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం కొండను చూడడం నాకు ఇంటిపనుల్లో ఒక పని అయింది. పొయ్యి మీద ఎసరు పెట్టి మెట్లెక్కి చూసి వచ్చేదాన్ని. వానకు ముందు కొండ దగ్గరకు జరుగుతుంది. పొద్దున మంచులో అసలు ఉండదు, మూడు శిఖరాల్లో పైది ఒక్కటే తేలుతుంది. మిట్ట మధ్యాహ్నం కొండకు రంగే ఉండదు, సున్నం గోడ మీద చెమ్మ మరకలాగా ఉంటుంది. ఇవన్నీ ఆయనకు మాటల్లో చెప్పాలి. ఆయన కళ్లు మూసుకుని విని, "ఆఁ, ఇప్పుడు కనపడింది" అంటే పాసైనట్టు. "కనపడలా" అంటే మళ్లీ మెట్లెక్కాలి.

నాకు ఇంతకంటే మంచి బడి ఎక్కడా దొరకలేదు. రంగు చేతికి రాకముందు నోటికి రావాలి. నోటితో చెప్పలేని రంగును నువ్వు చూడలేదని అర్థం. ఇప్పటి పిల్లలు కుంచె పట్టుకుని కూర్చున్నాక ఆలోచిస్తారు. అప్పటికి ఆలస్యమైపోతుంది, రంగు ఆరిపోతుంది.

బూడిద రంగు కాలం

నాటకాలు తగ్గాయి. స్టూడియోలు పెరిగాయి. తెర కట్టేవాడికి తెర కావాలి గదా, నేను అటు తిరిగాను. అయితే అప్పటి ఫోటోలు నలుపూ తెలుపూ. తెర కూడా నలుపూ తెలుపే. సుద్ద, మసి, రెండూ కలిపిన బూడిద. కొండ బూడిద, ఆకు బూడిద, పొద్దుగూకే ఆకాశం కూడా బూడిదే. ఎర్ర మిరపపండూ, దాని పక్కన పచ్చాకూ ఆ ఫోటోలో ఇంచుమించు ఒకే బూడిద. ఎన్నో ఏళ్లు లోకంలోని రంగులన్నిటినీ మసిలోకీ సుద్దలోకీ దించడమే నా పని. అదేం పని అని తీసిపారేయకండి. ఏ రంగు ఎంత బరువో ఆ ఏళ్లలో తెలిసింది. ఎండలో ఉన్న ఎర్రమట్టి నీడలో ఉన్న తెల్లచీర కంటే తెలుపు. నమ్మకపోతే వెళ్లి కళ్లు సగం మూసి చూడండి.

మాచర్ల స్టూడియో పెద్దాయన కోసం ఒక తెర వేశాను. నది ఒడ్డున పెద్ద చెట్టు, ఎడమనుంచి ఎండ, చెట్టు నీడ కుడికి పడినట్టు. బాగా వచ్చిందని నాకు గట్టి నమ్మకం. పెద్దాయన తెర చూసి, "ఆ బల్ల మీద కూర్చోమ్మా" అని నా ఫోటో తీసి, తరువాత కడిగించి పంపాడు. చూస్తే నా మొహం మీద నీడ ఒక పక్క, చెట్టు నీడ ఇంకో పక్క. నేను ఆ ఒడ్డు మీద లేను. ఎవరో కత్తిరించి అంటించినట్టు ఉన్నాను. ఆయన స్టూడియోలో పెద్ద దీపం కుడివైపున ఉంటుంది. నేను అడగలేదు.

తెర మార్చడానికి వెళితే ఆయన ఒకటే మాట అన్నాడు. "ఏమ్మా, మా ఊరికి రెండో సూర్యుణ్ణి తెచ్చావు. ఒకాయనతోనే మాడి చస్తన్నాం."

మాచర్ల ఎండ తెలిసినవాళ్లకు ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. అప్పటి నుంచి ఏ స్టూడియోలో అడుగుపెట్టినా ముందు దీపం ఎటుందో చూస్తాను, తరువాతే మంచినీళ్లు తాగుతాను. నా సూర్యుణ్ణి వాళ్ల దీపం ఉన్నవైపే పెడతాను. కొందరు యజమానులు నవ్వేవారు. నవ్వనివ్వండి. నవ్వినవాళ్ల ఫోటోలూ నిలబడ్డాయి.

ఆ నది తెరను కాలవలో ఉతికేశాను. మా పద్ధతి అది. గుడ్డ నాది. స్టూడియోవాళ్లకు తెర పాతబడితే నేను గుడ్డ వెనక్కి తీసుకుని, సోడా వేసి నానబెట్టి, రాతి మీద బాది, రంగు పోగొట్టి, మళ్లీ జిగురు పట్టించి కొత్తది వేసి ఇచ్చేదాన్ని. ఒక్కో గుడ్డ మీద చెరువు, దాని మీద కోట, దాని మీద పూలతోట వచ్చి పోయాయి. కొత్త గుడ్డ కొనడం దండగ. అయ్యో వేసిన బొమ్మ పోతుందే అని ఏడ్చేవాళ్లు ఈ పనికి రాకండి. బొమ్మ ఫోటోల్లో ఉంటుంది.

నెలలూ వాటి రంగులూ

రంగు ఫిల్ము మా వైపుకు ఎనభయ్యో దశకంలో వచ్చింది. మొదట పెళ్లిళ్లకు, తరువాత అందరికీ. బూడిద తెరలు ఒక్కసారిగా పాతవైపోయాయి. మామ అప్పటికి లేడు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు గుడ్డ మీద చెప్పే రోజు మాత్రం నాకు వచ్చింది.

రంగులు నేను ఐదే వాడాను. సుద్ద, మసి, ఎర్రటి జాజు, పసుప్పచ్చటి పేవుడి, బట్టలకు పెట్టే నీలిమందు. వీటిని కలిపి నిలబెట్టేది వజ్రం, అంటే వడ్రంగులు వాడే జిగురు. పచ్చరంగు నేను కొనలేదు. పచ్చరంగు కొనేవాణ్ణి నేను నమ్మను. డబ్బాలో పచ్చ ఏ చెట్టుకూ ఉండదు. పేవుడిలో నీలిమందు కొంచెం వేస్తే వేప చిగురు, ఎక్కువేస్తే మామిడాకు, ఆ మామిడాకులో చిటికెడు జాజు కలిపితే ఎండిపోయే పత్తిచేను. ఐదు రంగులతో పల్నాడంతా వెయ్యవచ్చు. ఇంకో రంగు కావాలనేవాడు చూడడానికి బద్ధకించేవాడు.

ఇంకొక మాట. తడి రంగును నమ్మకండి. సుద్ద కలిపిన రంగు తడిమీద ముదురుగా ఉండి, ఆరాక వెలిసిపోతుంది. నేను గోరుమీద ఒక చుక్క పెట్టుకుని ఊదుకుని, ఆరాక చూసి, అప్పుడు గుడ్డకు పెట్టేదాన్ని. నా గోళ్లు ఎప్పుడూ రంగు రంగులుగా ఉండేవి. పెళ్లిళ్లలో చుట్టాలు చూసి ఏంది ఆ చేతులు అనేవాళ్లు. అన్నం పెట్టే చేతులు అనేదాన్ని.

ఆకాశం నీలంగా ఉంటుందని పిల్లలకు ఎవరు చెబుతారో నాకు తెలియదు. వైశాఖంలో మా ఆకాశం పలచటి మజ్జిగ. మజ్జిగలో దుమ్ము. గట్టు మీద ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ ఎండలో నాపరాళ్లు పరిచిన చోట నిలబడితే వెలుతురు కిందనుంచి కూడా కొడుతుంది, మనిషి గడ్డం కింద నీడ ఉండదు. నీడ నల్లగా ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. మిట్టమధ్యాహ్నం వేపచెట్టు కింద ఎర్రనేల మీద నీడను చూడండి. వంకాయ రంగు.

ఆషాఢంలో తొలి వాన పడ్డ ఎర్రమట్టి ఒక్క గంట కాలేయం రంగుకు వస్తుంది. ఆ గంట ఇంట్లో వంట చేస్తూ కూర్చుంటే ఏడాది ఆగాలి. శ్రావణ భాద్రపదాల్లో మబ్బు పట్టిన వెలుతురు అన్నిచోట్లా ఒకటే, నీడలుండవు. కొత్తవాళ్లు ఆ వెలుతురుతో మొదలుపెట్టండి, తేలిక. కానీ ఆ నెలల్లో తెర వెయ్యవద్దు. గుడ్డ ఆరదు, వజ్రం పులిసి కంపు కొడుతుంది, ఎలుకలు వచ్చి ఆకాశాన్ని నాకిపోతాయి. ఇది తమాషాకు రాయలేదు. గురజాల స్టూడియో తెరకు ఒక మూల మబ్బు ఎలుక చేసిందే. వాళ్లు అది నేనే వేశాననుకుని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

కార్తీకంలో గాలి కడిగినట్టు ఉంటుంది. కొండమీద ఒక్కొక్క బండ విడిగా కనపడుతుంది. చూడడానికి బాగుంటుంది, తెరకు పనికిరాదు. తెర మీద కొండ అంత స్పష్టంగా ఉంటే మనిషిని ముందుకు నెట్టేస్తుంది. ఫోటో మనిషిది. కొండ వెనక ఉండాలి. ఈ సంగతి తెలియక నైపుణ్యం అంతా కొండ మీద చూపించిన పనివాళ్లను ఇద్దరు ముగ్గురిని చూశాను. చేయి గొప్పదే, బుద్ధే తక్కువ.

ఏ నెల వెలుతురు మనిషి మొహానికి మంచిదో చానాకాలం నాకు తేలలేదు. పొద్దున మంచు వేసి చూశాను, మొహాలు జబ్బుపడ్డట్టు వచ్చాయి. పొద్దుగూకే ఎర్రటి ఆకాశం వేసి చూశాను, మనుషులు దాని ముందు బొగ్గుల్లాగా ఉన్నారు. మస్తాను తిట్టుకుంటూనే ఫిల్ము ఖర్చు పెట్టాడు, ఆ మాట చెప్పాలి.

కల్లంలో చూసింది

ఏడాదికి సరిపడా మిరపకాయలు నేను అంగట్లో కొనను. మాఘంలో నాదెండ్ల వైపు రైతుల కల్లానికే పోయి ఏరుకుని తెచ్చుకుంటాను. సరుకు మంచిది, ధర తక్కువ. ఆ ఏడు జాన్‌బీ కూడా నాతో వచ్చింది. సాయంత్రం అవుతోంది. కల్లం నిండా కాయలు పరిచి ఉన్నాయి. ఇద్దరం తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ ఏరుతున్నాం.

జాన్‌బీ నలుపు. నలుపని ఆమెకు ఇంట్లోవాళ్లు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. ఊరందరికీ ఫోటోలు తీసే మనిషి ఇంట్లో పెళ్లాం ఫోటో ఒక్కటి లేదు. పెళ్లినాడు కూడా తల వంచుకునే ఉందట. ఎప్పుడు అడిగినా, "నన్ను తీస్తే ఫిల్ము దండగక్కా" అని నవ్వి వంటింట్లోకి పోయేది.

అటువంటి మనిషి కాయలమీదికి వంగింది. ఎడమనుంచి పలచటి ఎండ. కిందనుంచి కాయల ఎరుపు లేచి ఆమె చెంపకూ గడ్డం కిందకూ తగులుతోంది. చింతపండుతో తోమిన రాగిచెంబు లాగా ఉంది ఆమె మొహం. అందులో ఎరుపుంది, బంగారముంది, కంటికింద సన్నటి వంగపూవు రంగుంది. వెనకాల కొండ, పావురాయి మెడ నీలం, మెత్తగా, దూరంగా. నేను కాయలు వదిలేసి చూస్తూ ఉండిపోయాను.

"ఏందక్కా అట్టా చూస్తన్నావు? మొగాన ఏమన్నా అంటిందా?"

"అంటింది. తుడుచుకోమాక."

తిరిగి వచ్చిన మర్నాడే గుడ్డ కట్టాను. మాఘం దాటితే ఆ వెలుతురు పోతుంది. రోజూ సాయంత్రం ఊరి చివర కల్లాల దాకా నడిచి వెళ్లి చూసి, గుర్తున్నంతలో ఇంటికొచ్చి రంగు కలిపి గోరుమీద పెట్టి, పొద్దున్నే గుడ్డకు వేసేదాన్ని. కాయలు వెయ్యలేదు. కాయలు వేస్తే అది మిరపకాయల కొట్టు అవుతుంది. జాజులో పేవుడి కలిపి నేలంతా ఆ వేడి పట్టించాను. గట్టు అంచున వెలుతురు గీత సన్నగా పెట్టాను. తంగేడు పొద ఒకటి, నీడతో సహా. కొండను మామకు చెప్పినట్టే వేశాను. మస్తాను దీపం ఎడమవైపు ఉంటుంది. నా ఎండ కూడా ఎడమ నుంచే.

తెర కట్టిన రోజే ఆ అచ్చు జలపాతం కూడా మద్రాసు నుంచి దిగింది. మస్తానుకు అది చూడగానే మతి పోయింది. రెండిటినీ ఫోటో తీసి చూడమన్నాను. కొత్త తెర ముందు గిరాకీని కూర్చోబెట్టి పరీక్ష చేస్తే వాళ్లు ఊరుకోరు. నేను జాన్‌బీని పట్టుకున్నాను. ఆమె వల్లకాదంది. రంగు ఫిల్ములో ఇంకా నల్లగా పడతానంది. చివరికి, ఎవరికీ చూపించకూడదు, నచ్చకపోతే ఆమె చేతనే చింపించాలి అన్న షరతుమీద ఒప్పుకుంది. అదే చీర, అదే బల్ల, అదే దీపం. ముందు జలపాతం దగ్గర, తరువాత నా తెర దగ్గర. ఆ ఫిల్ము విజయవాడ ల్యాబుకు పోయింది. అది తిరిగి రాకముందే మస్తానూ నేనూ పోట్లాడుకున్నాం. మొదట రాసిన తగువు అదే.

పేరు గురించి

స్టూడియో తెరమీద వేసినవాళ్ల పేరు ఉండదు. ఉంటే ఫోటోలో పడుతుంది. బయటివాళ్లు ఆ తెర మీ ఆయన వేశాడా అని అడిగేవారు. మా ఆయన పాపం ప్రతిసారీ కాదని చెప్పేవాడు. "అది మా ఆడమనిషి వేసింది, నాకు చెట్టు వెయ్యడం రాదు" అనేవాడు. అది చాలు నాకు. పల్నాడులో ఎన్ని ఇళ్లలో గోడలకు ఆ కాలపు పెళ్లి ఫోటోలు, మొదటి పుట్టినరోజు ఫోటోలు, ముసలివాళ్ల ఆఖరి ఫోటోలు ఉన్నాయో, వాటిలో ఎన్నిటి వెనక నా కొండ ఉందో లెక్క లేదు. వాళ్లు తలెత్తి ముత్తవ్వను చూసినప్పుడల్లా నా ఎండను కూడా చూస్తారు. క్రోసూరులో ఒక పెళ్లికి వెళితే ఆ ఇంటి వసారాలో మూడు ఫోటోల వెనక నా తంగేడు పొద కనపడింది. భోజనం మామూలుకంటే ఎక్కువ తిన్నాను.

కానీ ఒక్క తెర కూడా ఇప్పుడు నా దగ్గర లేదు. ఉతికిన గుడ్డల్లో ఆఖరిది చిరిగి పిల్లల ఉయ్యాలకు పోయింది. దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు, ఆ ఒక్క మాఘమాసం తెర విషయంలో తప్ప. మస్తానుతో పోట్లాడి, ఉతికేస్తానని నోరుజారి ఇంటికి వచ్చాక, అన్నం సహించలేదు. అది నేను అంతవరకూ వేసిన వాటన్నిటిలోకీ మంచిదని నాకు తెలుసు. ఆ జలపాతం గోడకెక్కితే మూడు ఊళ్లలోనూ నన్ను పిలిచేవాళ్లు ఉండరనీ తెలుసు. అయినా అన్న మాట అన్న మాటే. కొట్టుకు పోయి సోడా కొని, చెంగున కట్టుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున

నేను వెళ్లేసరికి జలపాతం ఎదురు గోడమీద వేలాడుతోంది. నా తెర చుట్టి, తాడు కట్టి, గడప పక్కన నిలబెట్టి ఉంది. మస్తాను నావైపు చూడకుండా దీపం తుడుస్తున్నాడు. నేను తాడు ముడి చూసుకుంటున్నాను. అంతలో బస్సు నుంచి కవరు వచ్చింది.

మస్తాను కవరు చింపి రెండు ఫోటోలు బల్లమీద పెట్టాడు.

మొదటిదాంట్లో జలపాతం బ్రహ్మాండంగా ఉంది. నిగనిగలాడే కాగితం మీద దీపం పడి తిరిగి కొట్టడంతో జాన్‌బీ చెవి పక్కన తెల్లటి మంట ఒకటి లేచింది. ఆ మంటకూ నురగకూ మధ్య ఆమె మొహం చీకటి. కళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

రెండోదాంట్లో జాన్‌బీ ఉంది. ఎడమపక్కనుంచి చెంపమీద ఎండ, ఆ ఎండే గట్టు అంచుమీద, ఆ ఎండే తంగేడు కొమ్మమీద. మొహం రాగిచెంబు. కొండ వెనక్కి జరిగి నిలబడింది.

మస్తాను దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి పగటి వెలుతురులో చూశాడు. తిరిగొచ్చి దీపం చూశాడు. తెర ఉన్న చుట్టను చూశాడు.

జాన్‌బీ లోపలినుంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని రెండూ అందుకుంది. చాలాసేపు చూసింది. మొదటిది బల్లమీద వెనక్కి నెట్టింది.

"ఇదెవురో. ఇది నేను" అని రెండోది తీసుకుని లోపలికి పోయింది.

"ఎవురికీ చూపించొద్దన్నావు గదే?" అన్నాడు మస్తాను.

"గోడకి కొట్టండి" అని లోపలినుంచి జవాబు.

మస్తాను కాసేపు తల గోక్కున్నాడు. తరువాత నా దగ్గరకొచ్చి తాడు ముడి విప్పుతూ, "అక్కా, ఆ గట్టు మీద ఒక్క కొంగనన్నా వెయ్యి. నీళ్లున్నట్టుంటది" అన్నాడు.

"వెయ్యను."

"సరే, ఆ చివర పట్టుకో."

జలపాతాన్ని పక్కగోడకు మార్చాం. ఎదురుగోడకు నా తెర కట్టాం. అతను ఒక చివర, నేను ఒక చివర. వెదురు బద్ద సమానంగా ఉందో లేదో జాన్‌బీ గుమ్మంలో నిలబడి చెప్పింది. కట్టి దిగేసరికి నూజెండ్ల నుంచి ఒక పెళ్లిజంట, పెళ్లికొడుకు తల్లీ వచ్చి కూర్చుని ఉన్నారు. పెళ్లికూతురు పక్కగోడ చూసింది, ఎదురుగోడ చూసింది. ఆమె ఏదో అనేలోపే అత్త పోయి నా తెర ముందు బల్లమీద కూర్చుని, కోడల్ని పక్కకు పిలిచింది.

నేను చెంగున ఉన్న సోడా పొట్లం విప్పాను. ఇంటికి తీసుకుపోదామనుకున్నాను గానీ, జాన్‌బీ బట్టలు నానబెడుతూ కనపడితే ఆమెకిచ్చాను. అది ఆ రోజు మస్తాను చొక్కాలకు ఖర్చయింది.